పేరు కింద పార్టీ లేని బ్యాలెట్, సైడ్‌వాక్ లేని వీధి: సియాటిల్ అమ్మానాన్నలూ, మీరు ఓటెలా తేల్చుకుంటారు?

మేపుల్‌లీఫ్ అమ్మ

సియాటిల్ సిటీ లోపల ఉండేవాళ్లను ముఖ్యంగా అడుగుతున్నాను. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వైపు వాళ్లు కూడా చెప్పండి, మీ సిటీ ఎన్నికలదీ ఇదే తీరు కదా.

నాకు నిరుడే సిటిజన్‌షిప్ వచ్చింది. 2024 నవంబర్‌లో మొదటిసారి ఓటేశాను. అప్పుడు దాదాపు ప్రతి పేరు కింద ఏదో ఒక పార్టీ ఉంది. మనిషి తెలియకపోయినా ఎటువైపు వాళ్లో అర్థమైపోయింది. ఇప్పుడు, ఈ 2025 అక్టోబర్‌లో, నవంబర్ 4 ఎన్నికల బ్యాలెట్ ఇంటికొచ్చింది. మేయర్, సిటీ అటార్నీ (సిటీ తరఫు లాయరు), కౌన్సిల్‌లో రెండు సీట్లు, స్కూల్ బోర్డు, సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ఎగ్జిక్యూటివ్ (కౌంటీ పాలన చూసే పదవి). ఒక్క పేరు కింద కూడా పార్టీ లేదు.

మా మామయ్యగారు ఖమ్మం జిల్లా నుంచి వచ్చి ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. సాయంత్రం పాపను స్కూల్ నుంచి తీసుకొచ్చేటప్పుడు ఇళ్ల ముందు పాతిన ఎన్నికల బోర్డులన్నీ చదువుకుంటూ వస్తారు. మా వీధి మలుపులో ఒకళ్ల వాకిట్లో హాలోవీన్ అలంకరణకు ప్లాస్టిక్ సమాధిరాళ్లు, చెక్కిన గుమ్మడికాయలు, పన్నెండడుగుల అస్థిపంజరం. దాని పాదాల దగ్గరే మేయర్ అభ్యర్థి బోర్డు. "వీళ్లది ఏ పార్టీ అమ్మా?" అని అడిగారు. ఇక్కడ సిటీ ఎన్నికలకు పార్టీలుండవు మామయ్యా అన్నాను. "మన సర్పంచి ఎన్నికల్లాగానా? ఉంగరం, కత్తెర గుర్తులిస్తారు, పార్టీ లేదంటారు. ఏ ఇంట్లో ఎవరిది ఏ పార్టీయో ఊరందరికీ తెలుసు" అన్నారు. ఆయన మాట అప్పటినుంచి నా మనసులో తిరుగుతోంది. ఆయన ఊరికి తెలుసు. నాకు ఇక్కడ తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. మేం ఉండేది 85వ వీధికి ఉత్తరాన. పాతవాళ్లకు తెలిసే ఉంటుంది, ఈ భాగం 1954లో సిటీలో కలిసింది. అంతకు ముందు కౌంటీ కింద ఉన్నప్పుడు సైడ్‌వాక్‌లు, అంటే ఫుట్‌పాత్‌లు, లేకుండానే ఇళ్లు కట్టేశారు. ఇప్పటికీ చాలా వీధుల్లో రోడ్డు అంచున కంకర, దాని మీద పార్క్ చేసిన కార్లు, కొన్నిచోట్ల వాన నీళ్లు పోయే కాలవ, అంతే. మామూలు రోజుల్లో ఎలాగో జరుపుకుంటాం. హాలోవీన్ రాత్రి మాత్రం (అక్టోబర్ 31, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిలకు తిరిగే రాత్రి) నాకు ఒకటే టెన్షన్.

నిరుడు మా పాప నల్ల పిల్లి వేషం వేసింది. నెత్తి నుంచి పాదాల దాకా నలుపే. తోకకు మెరిసే టేపు చుట్టి పంపించాను. మూడో బ్లాకులో ఒక ఇంటి హెడ్జ్ రోడ్డు మీదికి పెరిగి ఉంది, దాన్ని ఆనుకుని కంకర మీద పెద్ద పికప్ ట్రక్. నడవడానికి సందు లేదు. పిల్లలందరూ రోడ్డు మధ్యలోకి దిగాల్సిందే. ఎదురుగా కారు వచ్చింది. నల్లని వేషాలు, తడి రోడ్డు, ఎదురు లైట్లు. అమ్మానాన్నలందరం ఫోన్ లైట్లు పైకెత్తి ఊపుతూ అడ్డం నిలబడ్డాం. ఆ డ్రైవర్ మంచివాడు, ఇంజన్ ఆపేసి చివరి పిల్ల దాటేదాకా కూర్చున్నాడు. పక్కన ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. తన కొడుకును తిప్పినప్పుడు కూడా ఇదే రోడ్డు, ఇదే మూల అంది.

ఆవిడతో నేను అంతకు ముందు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ మూల దగ్గర నిలబడ్డ ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్ల వాకిట్లో ఎవరి బోర్డులున్నాయో కూడా తెలియదు. మా అందరికీ కావలసింది ఒక్కటే, పిల్లలు నడిచే చోటు.

అందుకే నాకు పేరు కింద పార్టీ లేకపోవడం మంచిదే అనిపిస్తోంది. సైడ్‌వాక్ వేయించే మనిషి ఎవరో పార్టీ పేరు చెప్పదు. కానీ పార్టీ లేకపోతే దేన్ని పట్టుకుని తేల్చుకోవాలి? కౌంటీ వాళ్లు పంపిన ఓటర్ల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. అందరూ అవే మాటలు: భద్రత, ఇళ్ల ఖర్చు, జవాబుదారీతనం. మొన్న ఒక పాట్‌లక్ విందులో ఒకావిడ, మన ఇండియన్ పేరు కనబడితే దానికే ఓటేసేస్తాను అంది. అలా చేయడం నాకు ఇష్టం లేదు. నా పేరు చూసి నన్ను తీసేసేవాళ్లకూ, పేరు చూసి ఎంచుకునే నాకూ తేడా ఏముంటుంది?

మీరు దేన్ని చూసి ఓటేస్తారు? 85వ వీధికి పైన ఉండేవాళ్లు హాలోవీన్‌కు పిల్లల్ని ఎలా తిప్పుతున్నారు? ఈ ఏడాది శుక్రవారం పడింది, జనం ఎక్కువుంటారు. ఆరు లోపే పొద్దు గుంకిపోతుంది.

గ్రీన్‌వుడ్ నాన్న

అక్కా, నాదీ 85కు పైనే. మీరు రాసిన ట్రక్కూ హెడ్జూ మా వీధిలోనివే అనుకున్నాను.

ఎవరి చేతిలో ఏముందో ముందు చూసుకుంటే సగం చిక్కు తీరుతుంది. సైడ్‌వాక్‌లకు డబ్బు 2024 నవంబర్‌లో మనం పాస్ చేసిన ట్రాన్స్‌పోర్టేషన్ లెవీ నుంచి వస్తుంది. 8 ఏళ్లకు 155 కోట్ల డాలర్లు, ఇంటి పన్ను మీద కడతాం. డబ్బు ఉంది. ఏ బ్లాకు ముందు, ఏది తర్వాత అన్నది రవాణా శాఖ తేలుస్తుంది. ఆ శాఖ డైరెక్టర్‌ను పెట్టేది మేయర్. బడ్జెట్ పాస్ చేసేదీ, లెక్క అడిగేదీ కౌన్సిల్. కాబట్టి మీ మూలకు సంబంధించిన ఓటు ఈసారి మేయర్‌దీ, ఊరంతటికీ కలిపి ఉండే రెండు కౌన్సిల్ సీట్లదీ. స్కూల్ బోర్డు సైడ్‌వాక్ వేయదు, సిటీ అటార్నీ వేయరు. వాళ్లను వేరే లెక్కన చూడాలి.

మన 5వ డిస్ట్రిక్ట్ సీటు ఈసారి బ్యాలెట్‌లో లేదు, వెతక్కండి. 2023లో మనం గెలిపించిన క్యాథీ మూర్ 2025 జులైలో రాజీనామా చేశారు. ఆ స్థానంలో డెబొరా వారెజ్‌ను కౌన్సిలే నియమించింది. ఆవిడ అంతకు ముందు కూడా మన డిస్ట్రిక్ట్ మెంబరే. మన వీధి గురించి అడగాల్సిన మనిషిని ఈసారి మనం ఓటేసి ఎంచుకోలేకపోతున్నాం. నాకు అది బాధగానే ఉంది.

పుస్తకంలోని మాటలు చదివి లాభం లేదు, మీరు చెప్పింది నిజం. ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్లయితే వాళ్లు కౌన్సిల్‌లో వేసిన ఓట్లు చూడండి, అన్నీ బయటే ఉంటాయి. కొత్తవాళ్లయితే సిటీ నడిపే సియాటిల్ ఛానెల్‌లో అభ్యర్థులు మాట్లాడిన వీడియోలు ఉంటాయి. నేను రాత్రి అంట్లు తోముకుంటూ వింటాను. ఎవరు ఒక వీధి పేరు, ఒక మూల పేరు చెప్పి మాట్లాడతారో చూస్తాను. సైడ్‌వాక్‌కు ఎంత ఖర్చవుతుందో ఎవరికి తెలుసో చూస్తాను. సైడ్‌వాక్ అంటే కాంక్రీటు పలక ఒక్కటే కాదు, దాని కింద వాన నీటి పైపులు కూడా వేయాలి, ఖర్చంతా అక్కడే ఉంది. అందుకే సిటీ కొన్నిచోట్ల రోడ్డు అంచునే తారు వేసి, మధ్యలో అడ్డు దిమ్మలు పెట్టి చవకలో నడకదారి చేస్తోంది. మా పక్క వీధికి అలాంటిదే వచ్చింది. అందంగా ఉండదు కానీ స్ట్రోలర్ పోతుంది. ఈ తేడా తెలిసి మాట్లాడే అభ్యర్థికి నా ఓటు.

హాలోవీన్‌కు మాత్రం ఒక దారి ఉంది. ప్లే స్ట్రీట్ పర్మిట్ అని సిటీ ఇస్తుంది. పెద్ద రోడ్డు కాకుండా లోపలి వీధి అయితే కొన్ని గంటలు కార్లు రాకుండా మూసుకోవచ్చు. చుట్టుపక్కల వాళ్లకు ముందే చెప్పాలి, అప్లికేషన్ కూడా ముందుగా పెట్టాలి. ఇవాళే చూడండి.

బాలర్డ్ బావ

నేను మీ ఇద్దరితో ఏకీభవించను. మాది గుంటూరు జిల్లా. 2021 ఫిబ్రవరిలో మా దగ్గర పంచాయతీ ఎన్నికలు జరిగాయి. బ్యాలెట్ మీద పార్టీ గుర్తు లేదు. మర్నాడు పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా ఫలానా పార్టీ మద్దతుదారులు ఇన్ని, ఫలానా పార్టీ వాళ్లు ఇన్ని. ఊళ్లో పార్టీ దాగదు, దాచాల్సిన పనీ లేదు, ఎవరి తాత ఎవరితో తిరిగాడో అందరికీ తెలుసు.

ఇక్కడా పార్టీ ఉంది. కొత్తగా వచ్చినవాడికి కనబడదంతే. ఒక్కో లెజిస్లేటివ్ డిస్ట్రిక్ట్‌లో (రాష్ట్ర శాసనసభ నియోజకవర్గంలో) డెమొక్రాట్ల సంఘం మీటింగ్ పెట్టి, పార్టీలు లేవని చెప్పే ఈ సీట్లకే మద్దతు ప్రకటిస్తుంది. ద స్ట్రేంజర్ అనే పత్రిక ఒకవైపు, సియాటిల్ టైమ్స్ సంపాదకవర్గం చాలాసార్లు ఇంకోవైపు. పాతికేళ్లుగా ఉన్నవాడు ఆ రెండు జాబితాలు చూసి ఐదు నిమిషాల్లో బ్యాలెట్ నింపేస్తాడు. సిటీ అటార్నీ యాన్ డేవిసన్ 2020లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి రిపబ్లికన్‌గా పోటీ చేశారు. 2021లో సిటీ అటార్నీగా గెలిచినప్పుడు బ్యాలెట్ మీద ఆ మాట లేదు. అది మంచో చెడో నేననను. తెలుసుకునే హక్కు మాత్రం మేపుల్‌లీఫ్ అమ్మగారికి కూడా ఉండాలి కదా అంటాను.

క్షమా సావంత్ సిటీ కౌన్సిల్‌లో ఉన్నన్నాళ్లూ ఆవిడ సోషలిస్టునని నోరారా చెప్పారు. మనవాళ్లలో కౌన్సిల్ అంటే ఏమిటో పట్టనివాళ్లు కూడా 2023 ఫిబ్రవరిలో కుల వివక్ష నిషేధం ఓటింగ్‌కు వచ్చినప్పుడు సిటీ హాల్‌లో మాట్లాడటానికి లైన్లు కట్టారు, అటూ ఇటూ కూడా. ఆవిడను ఇష్టపడ్డవాళ్లకూ పడనివాళ్లకూ ఆవిడ ఎటువైపో స్పష్టంగా తెలుసు. నాకు అదే నచ్చుతుంది. ఏడు లక్షల పైచిలుకు జనం ఉన్న ఊళ్లో మనిషిని చూసి ఓటెయ్యమంటే ఎవరు చూడగలరు? చూసే తీరిక లేనివాడు ముందే విన్న పేరుకో, మీరు చెప్పినట్టు మన పేరుకో ఓటేస్తాడు.

సైడ్‌వాక్ విషయంలో మాత్రం మీ బాధ నా బాధే. బాలర్డ్‌లో మాకు ఉన్నాయి, మా అబ్బాయి పరుగెత్తుతుంటే వెనక నింపాదిగా నడుస్తాను.

నార్త్‌గేట్ నర్సు

బావగారూ, మీ వాదన బాగుంది. నాకైతే ఓటే లేదు, గ్రీన్‌కార్డు. అయినా ఒక విషయం చెప్పాలి, మనవాళ్లలో చాలామందికి తెలియదు. సియాటిల్‌లో డెమోక్రసీ వౌచర్లు అని ఉన్నాయి, 2017 ఎన్నికల నుంచి. ఒక్కొక్కరికి 25 డాలర్లవి నాలుగు. మన చేతి డబ్బు పెట్టక్కర్లేదు, సిటీ పెడుతుంది. ఆ పద్ధతికి ఒప్పుకున్న అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కూడా ఇస్తారు. నేను మొదటిసారి వాడినప్పుడు అభ్యర్థి తరఫు అమ్మాయి మా గుమ్మం ముందు నిలబడి నా ప్రశ్నలన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఓటు లేని నాతో ఈ ఊరి రాజకీయం మాట్లాడిన మొదటి మనిషి తనే. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఇది వర్తించదు, ఎన్నికలకు విరాళం కూడా ఇవ్వకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే గ్రీన్‌కార్డు వాళ్లు కూడా వద్దనే చెప్పండి. సిటిజన్ కాకుండా నమోదైతే ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కు.

ఇక హాలోవీన్. పిల్లల వార్డులో పని చేస్తాను కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను. 1975 నుంచి 2016 దాకా అమెరికాలో రోడ్డు ప్రమాదాల లెక్కలు తీసి చూసిన అధ్యయనం ఒకటుంది. చుట్టుపక్కల మామూలు సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం నడిచేవాళ్లు చనిపోయే ప్రమాదం 43 శాతం ఎక్కువని తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో మరీ ఎక్కువ. తోకకు టేపు చుట్టారన్నారు, బాగుంది, ఛాతీకీ వీపుకూ కూడా వేయండి. డ్రైవర్‌కు ఎదురుగా కనబడేది తోక కాదు. మాస్కు వద్దు, పక్క చూపు పోతుంది. మొహానికి రంగు వేయండి. పాప చేతికి టార్చి ఇవ్వండి.

మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా ఫ్లోర్‌లో తలుపుకు గుమ్మడికాయ కాగితం అంటించిన ఇళ్లకే పిల్లలు వెళ్తారు, ఐదారు తలుపులతో అయిపోతుంది. మా అబ్బాయికి వేరుశనగ పడదు. నెమలికంఠం రంగు గుమ్మడికాయ గుమ్మం ముందు పెట్టిన ఇళ్లుంటాయి, అక్కడ తినేవి కాకుండా పెన్సిళ్లు, స్టిక్కర్లు ఇస్తారు. మీ వీధిలో అలాంటివి ఉన్నాయా?

రెడ్‌మండ్ పెద్దాయన

అమ్మాయ్, మా చిన్నప్పుడు తూర్పుగోదావరిలో దసరాకు బడిపిల్లల్ని అయ్యవారు ఇంటింటికీ తిప్పేవారు. చేతిలో రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు. పద్యాలు పాడేవాళ్లం. అయ్యవారికి డబ్బు, మాకు పప్పుబెల్లాలు. అయ్యవారికి జీతం చాలని రోజులవి. ఆ పూట ఏ పిల్లవాడు పద్యం తప్పు చదివాడో, ఎవరికి చొక్కా లేదో ఊరందరి కంట్లో పడేది. మరుసటి వారం మా నాయనమ్మ ఒక పిల్లవాడికి చొక్కా గుడ్డ కొనిచ్చింది. అందుకని మీ మూల దగ్గర ఆ రాత్రి నిలబడ్డవాళ్లందరి పేర్లూ ఈసారి రాసి పెట్టుకో. ఫోన్ నంబర్లు తీసుకో. కౌన్సిల్‌కు ఒక్కదానివి ఉత్తరం రాయడం వేరు, ఒకే మూల గురించి పది ఇళ్ల వాళ్లు కలిసి రాయడం వేరు. నేను రెడ్‌మండ్ కౌన్సిల్ మీటింగులకు వెళ్తుంటాను. ఖాళీ కుర్చీలే ఎక్కువ. ఒక అమ్మ పిల్లను వెంటబెట్టుకుని వచ్చి మూడు నిమిషాలు మాట్లాడితే మెంబర్లు తల ఎత్తి వింటారు, నా కళ్లతో చూశాను. మీ మామగారిని కూడా తీసుకెళ్లు, ఆయనకు నచ్చుతుంది.

మేపుల్‌లీఫ్ అమ్మ

అందరికీ చాలా థాంక్స్. మామయ్యగారికి అన్నీ చదివి వినిపించాను. బావగారి పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు. వాళ్ల ఊళ్లో సర్పంచి పదవీకాలం 2024 ఫిబ్రవరిలోనే అయిపోయింది, ఇప్పటిదాకా కొత్త ఎన్నిక లేదు, ప్రత్యేకాధికారి పాలన. వీధి లైటు పోతే ఎవరి ఇంటికెళ్లి అడగాలో తెలియడం లేదని ఆయన బాధ. పార్టీ ఉందా లేదా అని వాదించుకోవడానికైనా ముందు ఒక మనిషి ఉండాలి కదా అన్నారు.

బావగారూ, కొత్తవాళ్లకు కనబడని పార్టీ ఉందన్న మీ మాట ఒప్పుకుంటాను. రెండు పత్రికల జాబితాలూ, మా డిస్ట్రిక్ట్ సంఘం జాబితా పక్కపక్కన పెట్టుకుని చూశాను, ఎవరు ఎటువైపో బాగానే తెలిసింది. కానీ పేరు కింద ముందే రాసి ఉంటే నేను అక్కడితో ఆగిపోయేదాన్ని. గ్రీన్‌వుడ్ తమ్ముడు చెప్పిన వీడియోల దాకా వెళ్లేదాన్ని కాదు. రవాణా శాఖ డైరెక్టర్‌ను మేయర్ పెడతారని తెలిసేది కాదు. ఈ ఊరి ఎన్నికలకు పార్టీ పేరు లేకుండా ఉంచడమే నాకిష్టం. దానికి బదులు ఓటర్ల పుస్తకంలో ఎవరెవరు మద్దతిచ్చారో అందరికీ ఒకే తీరున, తప్పనిసరిగా అచ్చు వేయాలి. కొత్తవాళ్లకు ఆ దారి చూపిస్తే చాలు.

స్కూల్ బోర్డు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే చెబుతాను. ప్రైమరీలో, అంటే మొదటి విడత ఎన్నికలో, ఒక్కో సీటుకు ఆ డిస్ట్రిక్ట్ వాళ్లే ఓటేస్తారు, నవంబర్‌లో మాత్రం ఊరంతా ఓటేస్తుంది. అంటే నా ఓటు నేనెప్పుడూ వెళ్లని పేటల పిల్లల మీద కూడా పని చేస్తుంది. నిరుడు మూయాలని ప్రతిపాదించిన నాలుగు ఎలిమెంటరీ స్కూళ్లలో సకాజావియా మా పేటలోదే. నవంబర్ చివర్లో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. తీసుకునేదాకా ఇక్కడ అమ్మలందరం నిద్ర లేకుండా గడిపాం. మిగతా మూడు స్కూళ్ల అమ్మలూ అలాగే గడిపి ఉంటారు. అందుకే ఆ సీట్లకు ఓటేసే ముందు వేరే పేటల్లో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లకు ఫోన్ చేస్తున్నాను, వాళ్ల స్కూళ్లలో ఏం జరుగుతోందో అడిగి అప్పుడు నింపుతాను. కవరు మీద సంతకం చేసి, లేక్ సిటీ లైబ్రరీ దగ్గర డ్రాప్ బాక్సులో వేస్తాను. నవంబర్ 4 రాత్రి 8 గంటలకు ఆ బాక్సులు మూసేస్తారు, చివరిదాకా ఆగకండి.

ప్లే స్ట్రీట్ పర్మిట్‌కు అప్లై చేశాను. ఇంటింటికీ కాగితం ఇచ్చి చెప్పడానికి నిన్న సాయంత్రం నేనూ పాపా వెళ్లాం. నిరుడు నా పక్కన నిలబడ్డ పెద్దావిడ తలుపు తీసి, రోడ్డుకు అడ్డంగా పెట్టే కోన్లు తను తెస్తానంది. ఆ ట్రక్కు ఎవరిదో కూడా తెలిసింది. ఆ ఒక్క రాత్రికి వేరే చోట పెడతానన్నాడు. పదకొండు ఇళ్ల వాళ్ల పేర్లు, నంబర్లు రాసుకున్నాను పెద్దాయన గారూ. హాలోవీన్ అయిన వారం అందరం కలిసి ఉత్తరం రాస్తాం.

నర్సు గారూ, మా వీధిలో నెమలికంఠం గుమ్మడికాయ ఇప్పటిదాకా లేదు. ఈసారి మా గుమ్మం ముందు ఉంటుంది. మీ అబ్బాయిని శుక్రవారం ఐదున్నరకల్లా తీసుకురండి, కాస్త వెలుతురుండగానే మొదలుపెడదాం. అడ్రస్ మెసేజ్‌లో పంపుతాను.